తడిబట్ట కింద

ఈ వాన ఇవాళ ఆగేది కాదని లింగం రేకుల చూరు కింద నిలబడి లెక్క వేసుకున్నాడు. వాన అంటే వాన కూడా కాదు, ముసురు. కురిసినట్టూ ఉండదు, వెలిసినట్టూ ఉండదు, ఇస్తానని అనక, ఇవ్వనని అనక బేరాన్ని నానబెట్టే రైతులాంటిది. అటువంటి రైతును పక్కన కూర్చోబెట్టుకుని బీడీ ముట్టించి ఇస్తే ఎప్పటికో అప్పటికి దారికొస్తాడు, ముసురుకు బీడీ ఇచ్చేదెవరు. గడ్డపోతారం వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా మందుల ఫ్యాక్టరీల వాసన, తడిసిన అగ్గిపెట్టె వాసనలాంటిది, ముక్కుకు తగిలి పోతోంది. ఎదురుగా జామచెట్ల కింద ఇటుకల మీద నాలుగు తేనెటీగల పెట్టెలు. వెనక ఇంట్లో సామాను కట్టలు కడుతున్న చప్పుడు. చీకటి పడేలోపు లారీ వస్తుంది, నరసింహమూర్తి మంచాలూ బీరువా ఎక్కించుకుని ఆయనతో సహా కాకినాడ పోతుంది. రేపు పొద్దున ఈ ఇల్లు కొన్నవాళ్లు గోదాము కట్టడానికి కొలతలు తీసుకోవడానికి వస్తారు. పెట్టెలు ఇవాళే కదలాలి. కదలాలంటే ముందు చూడాలి. చూడకుండా తాడు విప్పుకుపోవడం లింగం ఇంటా వంటా లేదు.

ఊరికే ఇస్తానన్నాడు మూర్తి. అనుమానం అక్కడే మొదలైంది. ముప్పై ఏళ్లు సదాశివపేట అంగట్లో పశువుల దళారీగా తిరిగినవాడికి ఆ మాట చెవిన పడితే చాలు, కాళ్లు వాటంతటవే పశువు చుట్టూ తిరిగి వెనక్కి పోతాయి. ఊకెనే తీస్కపో అన్నవాడి ఎద్దు మిట్టమధ్యాహ్నం నాగలి కింద పడుకుంటుంది, అగ్గువకు ఇస్తానన్నవాడి బర్రె పాలు తీసే మనిషిని తంతుంది. మూర్తి అటువంటి మనిషి కాదు, రామచంద్రాపురం ప్లాంటులో మిషన్ల మీద బతుకంతా గడిపి, మొన్న ముందస్తు పదవీ విరమణ తీసుకున్న నెమ్మదస్తుడు, అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. కానీ పోయిన ఆదివారం రమ్మని మళ్లీ వద్దన్నాడు. ఫోనులో మూడు పెట్టెలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ అన్నాడు. ఉన్నవి నాలుగు. నాలుగున్నవాడు మూడింటిని మెచ్చుకుంటే దళారీ చెవి నాలుగోదాని మీదనే పడుతుంది. ఇంట్లో పెళ్లాం నర్సింహమ్మకు చెబితే, మన ఇంట్ల ముసిరే ఈగలు సాలవా, ఇంకా కొల్లూరు దాక పోయి తెస్తవా అని నవ్వింది. జిన్నారం దగ్గర జామతోట ఉంది, ఈగలుంటే కాయ బాగా పడుతుంది, అది లెక్క. రోగం పట్టిన ఒక్క పెట్టె పోతే మిగతా మూడూ పోతాయి, అదీ లెక్కే. పదేళ్ల కింద అటువంటి రోగమే వచ్చి చుట్టుపక్కల పెట్టెలన్నీ ఖాళీ చేసి పోయింది. ఆ రోజుల్లో మూర్తి భార్య వీరలక్ష్మి ఒక్కొక్క పెట్టె మూతా తీసి, మళ్లీ మూసి, పెళ్లివారింట్లో చుట్టాల్ని అడిగినట్టు, మీకేం కాలేదు కదా, మీకేం కాలేదు కదా అంటూ తిరిగింది.

మూర్తి గొడుగు వేసుకుని వసారాలోంచి దిగి వచ్చాడు. లుంగీ పైకి కట్టాడు, కాళ్లకు ప్లాంటువాళ్లిచ్చిన బూట్లు ఇంకా అవే.

"వానలో తెరవకూడదండీ లింగంగారూ. లోపల పిల్లలు చలికి చచ్చిపోతాయి. మా ఆవిడ చెప్పేది కదా."

"చెప్పింది. వానల ఎట్ల తెర్వాల్నో గది గూడ చెల్లెనే చెప్పింది. ఒక బకెట్ల నీళ్లు తే సారూ."

"నన్ను నమ్మరా ఏంటి?"

"నిన్ను నమ్ముత. ఈగల్ని నమ్మ."

"ఇన్నేళ్లయినా మనిషిని గేదె పళ్లు చూసినట్టే చూస్తారు మీరు."

"మనిషికి పండ్లు సూడను సారూ, చెయ్యి సూస్త." అని లింగం భుజం మీది తువ్వాలు తీశాడు. మూర్తి బకెట్ తెచ్చాడు కానీ బట్ట లేదన్నాడు, బట్టలన్నీ మూట కట్టేశారట. అక్కర్లేదు, ఈ తువ్వాలే చాలు, ఇది పుట్టిందే ఈ పనికి.

ఈ తువ్వాలు కాదు గానీ ఇటువంటిదే, ఎర్ర అంచుది, వీరలక్ష్మిని మొదటిసారి చూసినరోజు భుజం మీద ఉంది. ప్లాంటు క్వార్టర్సు వదిలి కొల్లూరు దారిలో ఈ స్థలం కొని ఇల్లు కట్టుకున్న కొత్త, పిల్లలు లేని ఇల్లు, ఒక గేదె ఉంటే సందడిగా ఉంటుందని మొగుడిని వెంటబెట్టుకుని అంగడికి వచ్చింది. అన్ని వేల పశువుల మధ్య, అందరూ మగవాళ్లే ఉన్నచోట, గొడుగు పట్టుకుని నిలబడి, లింగం చేతుల్నే చూసింది. రైతు చెయ్యీ తన చెయ్యీ తువ్వాలు కింద ఉన్నాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పెడు పట్టుకుంటే ఐదు, వేలు వంచితే ఒకటి తగ్గించినట్టు, అరచేతిలో అరచెయ్యి పెట్టి నొక్కితే కుదిరినట్టు, చెయ్యి బయటికి లాక్కుంటే బేరం పోయినట్టు. పైన నోరు ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది, అది చుట్టూ మూగినవాళ్ల కోసం. అసలు ధర ఆ రెండు చేతులకూ తప్ప మూడోవాడికి తెలియకూడదు. తండ్రి తనకు వేళ్లు నేర్పేటప్పుడు కళ్లు మూయించేవాడు. అమ్మక తప్పనివాడి చెయ్యి తడిగా ఉంటదిరా, అమ్మాలని లేనోడి చెయ్యి బిగిసి ఉంటది, సూస్కో అనేవాడు. గేదె బేరం కుదిరాక ఆమె దగ్గరికొచ్చి, అన్నయ్యగారూ, నోటితో ఒక ధర అరుస్తున్నారు, ఆ గుడ్డ కింద చేతులు ఇంకోటేదో మాట్లాడుకుంటున్నాయి, ఏంటండీ అది అంది. గది మా బజారు ఇద్దె చెల్లె, చెప్పొద్దు అన్నాడు. చెప్పకపోతే గేదె ఇక్కడే ఉంటుంది, మేం బస్సెక్కి పోతాం అంది. చెప్పాడు. దళారీ అనేవాడు చేయగూడని పని, చేశాడు. గేదె వెనక నడుస్తూ దారి పొడుగునా కొంగు కింద మొగుడి వేళ్లు పట్టుకుని సాధన చేసింది, మూర్తి సిగ్గుతో చెయ్యి లాక్కుంటే, చెయ్యి లాక్కుంటే బేరం పోయినట్టండీ అని నవ్వింది. ఆ నవ్వుకు గేదె కూడా బెదిరింది.

మొదటి పెట్టె. కొబ్బరి పీచు పొగ డబ్బా తడికి రాజుకోలేదు, రెండుసార్లు ఊదితే దగ్గింది, అంతే. లింగం తువ్వాలు నీళ్లలో ముంచి పిండి, మూత పక్కకు జరుపుతూనే ఆ ఖాళీ మీద తువ్వాలు పరిచాడు. గాలి చొరబడదు, చినుకు పడదు, ఈగలకు పైకప్పు పోయిందని తెలియదు. తడిబట్ట అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టాడు. వెచ్చగా తగిలింది. పాలకు వచ్చిన బర్రె పొదుగు పక్కన చెయ్యి పెడితే ఎట్లా ఉంటుందో అట్లాంటి వెచ్చదనం, బయట ఇంత ముసురులో, ఈ చెక్కల మధ్య. ఈగలు వేళ్ల కణుపుల మీదికెక్కి నడుస్తున్నాయి, తొందర లేకుండా, సంతలో పశువు చుట్టూ తిరిగే ఆసామిలా చేతిని చూసుకుంటూ. తేనెపట్టు కట్టుకునే చెక్క చట్రాన్ని రెండు వేళ్లతో కొద్దిగా ఎత్తాడు. బరువుంది, అంటే తేనె ఉంది. వేలు కిందికి జరిపితే మూతలు పడ్డ పిల్లగదులు కాస్త ఉబ్బెత్తుగా, కాలిన జొన్నరొట్టె పైభాగంలా గరుకుగా తగిలాయి. పిల్లలుంటే గుడ్లు పెట్టే రాణి ఈగ ఉన్నట్టే, ఆమెను కళ్లతో చూడనవసరం లేదు. ఇదంతా వీరలక్ష్మి నేర్పిందే. ఎక్కడో శిక్షణలో కూర్చుని నేర్చుకొచ్చి, ప్లాంటులో మిషన్లు దిగిన ప్యాకింగ్ చెక్కలతో మొగుడి చేత పెట్టెలు చేయించింది, రెండో పెట్టె పక్కన ఇప్పటికీ ఏవో విదేశీ అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ఇటువంటి ముసురులోనే ఒకసారి కబురుపెట్టి, రండి అన్నయ్యగారూ, మీ విద్య మీకే చూపిస్తాను అని పిలిచింది. తడిబట్ట కింద చెయ్యి పెట్టించి, కళ్లెందుకండీ మీకు, వేళ్లున్నాయి కదా అంది. ఆరోజు లింగానికి ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. కింద చెయ్యి పట్టుకుని ధర చెప్పే రైతు లేడు, వేలవేల చిన్న కాళ్లు తన చేతినే బేరమాడుతున్నాయి.

రెండో పెట్టె ఇంకా బలంగా ఉంది, బొటనవేలి మొదట్లో ఒకటి కుట్టింది కూడా. కుట్టనియ్, ఇల్లు కాచుకునే బలం ఉన్నట్టు లెక్క. అంగట్లో కూడా ముట్టుకుంటే మూతి తిప్పే దూడనే కొనమంటాడు తను. అంగడి గుర్తొస్తే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది. ట్రాక్టర్లు వచ్చాయి, పొలాల్లోకి ఫ్యాక్టరీలు వచ్చాయి, ఎడ్లు కొనేవాళ్లు తగ్గి కోతకు కొనేవాళ్లు మిగిలారు, వాళ్లతో వేళ్ల బేరం అక్కర్లేదు, తూకం చాలు. తాను ఆగిపోలేదు, ఆగిపోతే ఇల్లు గడవదు, పశువుల దళారీ ప్లాట్ల దళారీ అయ్యాడు, పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా తన నోటి మీద చేతులు మారిన నేల చాలానే ఉంది. కానీ నేలకు పళ్లుండవు. వయసు చెప్పదు, రోగం చెప్పదు, కింద నీళ్లు ఏ రంగులో ఉన్నాయో బోరు వేసేదాకా తెలియదు. కొనేవాడు కాగితాలే చూస్తాడు. మూర్తి ఇంటికి గిరాకీని తెచ్చిందీ లింగమే. వాళ్లు వసారా చూశారు, బావి చూశారు, జామచెట్లు చూసి ఇవి కొట్టేయాలి అనుకున్నారు, పెట్టెల్ని చూసి మాత్రం వెనక్కి జరిగి, ఇవి ఉండగా మేం అడుగుపెట్టం అన్నారు. మూర్తి తలూపాడు. ఆ తలూపడం చూస్తే ఇంటి గురించి ఊపినట్టు లేదు.

మూడోదీ బాగానే ఉంది. తేనె తక్కువ, పిల్లలు ఎక్కువ, చలికాలానికి నిలబడుతుంది. లింగం మూత సర్ది చెయ్యి తుడుచుకుని నాలుగోదాని వైపు నడిచాడు. నీలం రంగు పెట్టె. ఇదే మొదటిది, వీరలక్ష్మి తన చేత్తో రంగు వేసుకున్నది, మిగిలినవి దీన్ని చూసి చేసినవి. మధ్యాహ్నం భోజనమయ్యాక పీట వేసుకుని దీని పక్కనే కూర్చునేది, చిక్కుళ్లు ఒలుచుకుంటూ, చెక్కకు చెవి ఆనించి ఏదో విని తనలో తను నవ్వుకుంటూ.

"అది వదిలేయండి లింగంగారూ," అన్నాడు మూర్తి వెనకనుంచి. గొడుగు కింద ఉన్నా ముఖం తడిసింది. "అది కాస్త... అదెప్పుడూ అంతే. వానలో ముట్టుకుంటే ఊరుకోదు."

లింగం ఆగాడు. మీద చెయ్యి వెయ్యనియ్యదు అనేది కుంటిదాన్ని అమ్ముకునేవాడి మాట. కుంటి కాలు వైపు నిలబడి నీడ వేస్తాడు, ఇటు రాకు పొడుస్తది అంటాడు. మూర్తి సరిగ్గా పెట్టెకూ తనకూ మధ్య వచ్చి నిలబడ్డాడు, బహుశా తెలియకుండానే. వదిలేయొచ్చు. మూడు మంచివి దొరికాయి, ఊరికే వచ్చాయి, నాలుగోదాన్ని పట్టుకుని మనిషిని బాధపెట్టడంలో లాభం ఏముంది. కానీ వదిలేస్తే ఇది ఇక్కడే ఉంటుంది, రేపు గోదామువాళ్లు వచ్చి కిరసనాయిలు పోసి ముట్టిస్తారు, లోపల ప్రాణం ఉన్నా లేకున్నా. ఉన్నదీ లేనిదీ ఎవరో ఒకరు చూడాలి. "సూసేదాక ఏదీ తెల్వదు సారూ, జెర జరుగు," అన్నాడు మెల్లగా. మూర్తి జరిగాడు.

మూత కదల్లేదు. కత్తి అంచు దూర్చి తిప్పితే లోపల ఏదో సన్నగా చిరిగింది, పాత దూది చిరిగినట్టు. ఏళ్ల అలవాటు చొప్పున లింగం ముందు తడిబట్టే పరిచాడు, మూత దాని కిందనుంచే లాగాడు, చెయ్యి లోపలికి పెట్టాడు. చల్లగా ఉంది. వాన చల్లదనం కాదు. పశువును ఇంకొకరు తోలుకుపోయాక గుంజ మొదట్లో చెయ్యి పెడితే నేల ఉండే చల్లదనం. వేళ్ల మీద ఏ కాలూ నడవలేదు. చట్రాన్ని ఎత్తితే చెయ్యి అనవసరంగా పైకి లేచింది, అంత తేలిక. పట్టు మీద మైనపు పురుగు అల్లిన గూడు జిగటగా వేళ్లకు చుట్టుకుంది, దాని వెనక పట్టు అప్పడంలా విరిగింది. అడుగున పొడిపొడిగా రెక్కలు. ఇది నిన్నటిదీ కాదు మొన్నటిదీ కాదు. ఇందులోనివి ఎప్పుడో ఎగిరిపోయాయి, పోలేనివి అడుగున రాలాయి, ఆ తరవాత పురుగు దిగింది.

చెయ్యి బయటికి తీయలేదు. తీస్తే చెప్పాలి. మూర్తి లింగం ముఖం వైపు చూడటం లేదు, తువ్వాలు మీద చినుకులు పడి ఇంకుతుంటే వాటినే చూస్తున్నాడు. గొడుగు ఒకవైపుకు ఒరిగి నీళ్లు భుజం మీద కారుతున్నా తెలియడం లేదు. ఏం చెప్పాలి. బాగుంది సారూ అనొచ్చు, ఒక్క మాట, లారీ వస్తుంది, మనిషి పోతాడు, అక్కడ కాకినాడలో అన్న ఇంట్లో ఒక గదిలో కూర్చుని, మా ఆవిడ పెట్టె జిన్నారంలో ఉంది అనుకుంటూ బతుకుతాడు. కానీ లింగం ఇన్నేళ్లలో ధర మీద చెప్పని అబద్ధం లేదు, పశువు మీద చెప్పిన అబద్ధం లేదు. చూడి కానిదాన్ని చూడి అనలేదు, పళ్లు అరిగినదాన్ని లేగ అనలేదు. ఆ ఒక్క గీత మీద నిలబడే కదా మిగిలినదంతా సంపాదించుకుంది. పోయింది సారూ అనొచ్చు. అదీ ఒక్క మాటే. ఆమె పోయినరోజు, పోయిన కార్తీకంలో, ఆసుపత్రి వరండాలో లింగం ఈ మనిషి చెయ్యి పట్టుకున్నాడు. ఎన్ని వేల చేతులు పట్టుకున్నాడు బతుకులో, తడిచేతులు, బిగిసిన చేతులు, వణికేవి, దాచేవి, అన్నింట్లో ఏదో ఒక లెక్క ఉండేది. ఆ చేతిలో ఏమీ లేదు. అడగటమూ లేదు, ఇవ్వటమూ లేదు. ఆ చేతిని మళ్లీ మూర్తి ఒళ్లో పెట్టి వచ్చేశాడు, ఏం మాట్లాడాలో తెలియక. దళారీకి మాట తెలియకపోవడం అదే మొదలు. ఇది రెండోసారి. నోటితో కాదు మరి. అసలు సంగతి నోటితో చెప్పుకునేది కాదు, అందుకేగా ఈ గుడ్డ.

"సారూ," అన్నాడు. "ఇట్ల రా. చెయ్యి పెట్టు."

మూర్తి కదల్లేదు. ఇంట్లో ఎవరో ఇత్తడి బిందె కింద పడేశారు, అది దొర్లి దొర్లి ఆగేదాకా ఇద్దరూ విన్నారు. తరవాత ఆయన గొడుగు ఎడమచేతికి మార్చి, కుడిచెయ్యి తువ్వాలు అంచు కిందికి పెట్టాడు. లింగం ఆ చెయ్యి పట్టుకుని, లాగకుండా, పసిపిల్ల చేత బియ్యంలో అక్షరం దిద్దించినట్టు, వేళ్లను పట్టు మీద ఉంచాడు. మూర్తి వేళ్లు కాసేపు ఉన్నచోటే ఉన్నాయి. తరవాత కదిలాయి, పురుగు గూడు మీదుగా, విరిగిన అంచు మీదుగా, అడుగున రెక్కల దాకా వెళ్లి ఆగాయి.

"ఆవిడ పోయిన నెలకేననుకుంటానండీ," అన్నాడు మూర్తి. "ఒకరోజు చెవి పెడితే ఏం వినపడలేదు. మిగతావాటిని వారం వారం చూశాను. దీన్ని తీసి చూస్తే ఇంక చూసినట్టే కదా. తీయలేదు."

లింగం తువ్వాలు కింద ఆయన చేతిని మళ్లీ పట్టుకున్నాడు. నాలుగు వేళ్లు కలిపి పట్టుకున్నాడు, నాలుగూ నేనే తీసుకుపోతాను అని. పెట్టె చెక్క గట్టిది, పురుగు పట్టిన చట్రాలు కాల్చేసి, కడిగి, ఎండాకాలం కొత్త ఈగల దండును ఎక్కించవచ్చు, నష్టం లేదు, అని మనసులో లెక్క కూడా అయిపోయింది. మూర్తి చెయ్యి లాక్కోలేదు. ఇన్నేళ్ల కింద గేదె వెనక నడుస్తూ కొంగు కింద నేర్చుకున్నదాన్ని వెతుక్కుంటున్నట్టు కాస్త తడబడి, నాలుగు వేళ్లలో చిటికెనవేలిని మడిచేశాడు. మూడు. మూడు మీకు. నీలంది నాతో వస్తుంది. లింగానికి ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, సారూ ఖాళీ పెట్టె సారూ, పురుగు సారూ, కాకినాడ దాకా మోసుకుపోయి ఏం చేసుకుంటవ్ అని. ఇంకెక్కడైనా అయితే అనేవాడే. అరచేతిలో అరచెయ్యి పెట్టి నొక్కాడు. కుదిరింది. మూర్తి కూడా నొక్కాడు, గట్టిగా, ఆసుపత్రి వరండాలో లేని బలంతో.

లారీ వచ్చేసరికి వెలుతురు బూడిద రంగులోకి తిరిగింది. మూడు పెట్టెల వాకిళ్లకు లింగం గుడ్డపేలికలు కుక్కి, తన ట్రాలీ ఆటోలో గడ్డి మీద కూర్చోబెట్టి, తాళ్లు బిగించాడు. హమాలీ రాములు బీరువా ఎక్కించి, మంచాలు ఎక్కించి, చెట్టు కిందికి వచ్చి నీలం పెట్టెను ఒక్క చేత్తో లేపి చూశాడు.

"ఇది ఉత్త డబ్బ ఉన్నట్టుంది కాకా. మీద ఇసిరేస్త, ఏమైతది."

మూర్తి తాళం చెవులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకు వినపడింది.

"ఏయ్, పైలం," అన్నాడు లింగం. "ఈగలున్నయ్ దాంట్ల."

రాములు చెయ్యి గాలిలోనే ఆగింది. "సప్పుడేది మరి?"

"వానకు పండుకున్నయ్. కుదిపినవనుకో, లేస్తయ్. లేస్తే నిన్ను నేను గుర్తువట్ట."

పశువు మీద ఎన్నడూ చెప్పని అబద్ధం వచ్చేసింది. లింగం దాన్ని వెనక్కి తీసుకోలేదు. రాములు రెండో చెయ్యి కూడా కింద పెట్టి, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, నిండు బిందె మోసేవాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు.

"యాడ పెట్టాలె కాకా?"

"వెనక గాదు. ముంగట సారు కూసుంటడు గదా, ఒళ్లె పెట్టు."

మూర్తి ఎక్కి కూర్చున్నాక రాములు పెట్టెను ఆయన ఒళ్లో దించి, చేతులు రెండూ చొక్కాకు తుడుచుకుని, గబగబా వెనక్కి జరిగాడు. లింగం తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. డ్రైవరు ఇంజను వేస్తూ ఆ పెట్టె వైపు ఓరగా చూసి, తలుపు వైపుకు ఒదిగి కూర్చుని, గుంతల్లో బండిని చాలా నెమ్మదిగా పోనిచ్చాడు.